దొర పేరున అచ్చయిన కథలు

ఊళ్లోకి వచ్చేసరికి పొద్దుగూకింది. నలగని కోటు, టై, చంకలో కాగితాల సంచి. తలుపు తీసినామె ఎగాదిగా చూసి, "గదుల్లేవు" అంది.

ఈ దృశ్యం మా ఊహ. నల్లవాడని డేవిడ్ యునైపన్‌కి బస దొరకని రాత్రులు మాత్రం నిజం. పగలు ఆయన ఉపన్యాసానికి చప్పట్లు కొట్టే ఆస్ట్రేలియా తెల్లవాళ్లు రాత్రికి తలుపేసుకునేవారు.

ఆయన 1872లో మరే నది దిగువన, పాయింట్ మెక్లే మిషన్‌లో పుట్టిన న్గారింజెరి ఆదివాసీ. తోక ఝాడిస్తూ పారిపోయిన మహామత్స్యం వల్లే ఆ నది అంత వెడల్పయిందని వాళ్ల పెద్దల మాట. అలాంటి కథలను 1924, 25 ప్రాంతంలో ఊరూరా తిరిగి పోగుచేసి, మిల్టన్ ధోరణి ఇంగ్లీషులో రాశాడు. ఆదివాసీ రాత ఇలా ఉండకూడదని పెదవి విరిచేవాళ్లున్నారు. ఎలా ఉండాలో తేల్చడానికి వాళ్లెవరు?

సిడ్నీ ప్రచురణకర్తలు ఆంగస్ అండ్ రాబర్ట్‌సన్ ఆ రాతప్రతి కొన్నారు. తాము అచ్చువేయకుండా విలియం రామ్సే స్మిత్ అనే వైద్యాధికారికి హక్కులు అమ్మేశారు. 1930లో లండన్‌లో పుస్తకం వెలువడింది. అట్టమీద స్మిత్ పేరు. యునైపన్ రాశాడన్న ముక్క ఎక్కడా లేదు.

ఈ దొర సంగతి కొంత చెప్పాలి. అడిలైడ్‌లో అందరూ ఎరిగిన న్గారింజెరి మనిషి టామీ వాకర్ 1901లో చనిపోతే, అతని అస్థిపంజరాన్ని ఎడింబరో పంపించింది ఈయనే. గగ్గోలు పుట్టింది. 1903లో విచారణ జరిగింది. ఉద్యోగం మాత్రం పదిలం. ముందు ఎముకలు, తర్వాత కథలు! డబ్బిచ్చే కొన్నాడు కదా అంటారేమో. కొన్నది కథల్ని. రాసినవాడి పేరు చెరిపే హక్కు కూడా ఆ ధరలోనే వచ్చిందా?

1929లో ఒక చిన్న పుస్తకం మాత్రం యునైపన్ పేరున వచ్చింది. ఆస్ట్రేలియా ఆదివాసీ రచయిత తొలి పుస్తకంగా దాన్నే చెప్పుకుంటారు. ఆయన 1967లో కన్నుమూశాడు.

1995లో 50 డాలర్ల నోటు మీద ఆయన బొమ్మ వేశారు. పక్కనే గొర్రెల ఉన్ని కత్తిరించే పరికరం బొమ్మ. దానికి 1909లోనే పేటెంటు కోరాడు, దమ్మిడీ రాలేదు. ఇంకోపక్క ఆ రాతప్రతిలోని ఆయన చేతిరాత. అసలు ప్రతి సిడ్నీ మిచెల్ లైబ్రరీలో ఉంది. స్టీఫెన్ మూకీ, ఆడమ్ షూమేకర్ పరిష్కరించి ఆయన పేరున పుస్తకం తెచ్చేసరికి 2001 అయింది. ఆయన దస్తూరీ అప్పటికే ఆరేళ్లుగా దేశమంతటా చేతులు మారుతోంది.