సూదీ, కత్తెరా, జిగురూ

ఇంట్లో తీరిక దొరికినప్పుడు చేసుకునే మూడు పనుల గురించి ఈ వ్యాసం. ఒకటి క్రాస్ స్టిచ్, రెండవది సొంతంగా గ్రీటింగు కార్డులు చేసుకోవటం, మూడవది స్క్రాప్‌బుక్ తయారుచేయటం. ఈ మూడింటినీ కలిపి "హాబీలు" అనే ఒక్క మాటలో సర్దేస్తాం. ఇంకా తేలిక చేసి "ఏదో కాలక్షేపం" అంటాం. ఛందస్సు మీదా శాసనాల మీదా పేజీలకు పేజీలు రాసుకునే మనకు ఈ పనులకూ ఒక చరిత్ర ఉంటుందని తోచినట్టు లేదు. కొంతకాలంగా నేను వీటి పుట్టుపూర్వోత్తరాలు చదువుతూ వచ్చాను. చదివినకొద్దీ ఒక సంగతి స్పష్టమైంది. వీటిలో ఒకటి బడి చదువుగా మొదలైంది, ఒకటి పని తగ్గించుకునే ఉపాయంగా మొదలైంది, ఒకటి జ్ఞాపకానికి ఆసరాగా మొదలైంది. కాలక్షేపం అన్న పేరు తరువాత వచ్చి చేరింది. ఆ పేరు చాటున, చరిత్ర పుస్తకాల్లో చోటు దొరకని ఎందరో మనుషుల పేర్లు మరుగున పడ్డాయి.

మొదట సూది సంగతి.

నేత సమంగా ఉన్న గుడ్డ మీద పోగులు లెక్కపెట్టుకుంటూ, గడికొక ఇంటూ గుర్తు చొప్పున కుట్టుకుపోవటమే క్రాస్ స్టిచ్. మన ఇళ్ళలో మ్యాటీ గుడ్డ అంటారే, దాని మీద కుట్టేది ఇదే. పైన పడే కుట్లన్నీ ఒకే వాలులో ఉండాలి. లేకపోతే వెలుతురు పడినప్పుడు పని గతుకులుగా కనిపిస్తుంది. దీనికి బొమ్మ గీయటం రానక్కరలేదు, లెక్క తప్పకపోతే చాలు. గళ్ళలో ఇమిడే పని కాబట్టి రోమన్ అక్షరాలు దీనికి చక్కగా లొంగుతాయి. ఇంగ్లండులో దీని చరిత్ర చాలావరకు ఈ అక్షరాల చుట్టూనే నడిచింది.

16వ శతాబ్దంలో కుట్ల నమూనాల పుస్తకాలు అరుదు. అందువల్ల స్త్రీలు తాము నేర్చిన కుట్టును ఒక గుడ్డ మీద కుట్టి దాచుకునేవారు. దానిని సాంప్లర్ అన్నారు. మనం మచ్చుగుడ్డ అనుకోవచ్చు. తేదీ ఉన్న బ్రిటిష్ మచ్చుగుడ్డలలో ఇప్పటివరకు తెలిసినంతలో అన్నిటికన్నా పాతది 1598 నాటిది, లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. కుట్టినామె జేన్ బోస్టాక్. రకరకాల కుట్లతో పాటు, ఆలిస్ లీ అనే శిశువు 1596 నవంబరు 23న మధ్యాహ్నం పూట పుట్టిందని కూడా అందులో ఆమె కుట్టింది. అది షేక్స్‌పియర్ నాటకాలు రాస్తున్న కాలం. ఆ కాలంలో ఒక ఆడపిల్ల పుట్టిన రోజూ పూటా ఈనాటికీ మనకు తెలుస్తున్నాయంటే అందుకు కారణం ఒక సూది.

తరువాతి రెండు శతాబ్దాలలో మచ్చుగుడ్డ ఆడపిల్లల బడిలోకి వచ్చింది. ఇంటి దుప్పట్లూ తువ్వాళ్ళూ చాకిరేవులో కలిసిపోకుండా వాటి మూలన ఇంటివారి పొడి అక్షరాలు, వరుస సంఖ్య కుట్టే ఆచారం ఉండేది. అందుకని పిల్లల చేత వర్ణమాల, అంకెలు కుట్టించేవారు. అడుగున పిల్ల పేరు, వయసు, సంవత్సరం ఉండేవి. 19వ శతాబ్దంలో బ్రిస్టల్ నగరంలో జార్జ్ ముల్లర్ నడిపిన అనాథాశ్రమంలో బాలికలు ఎర్రదారంతో కుట్టిన మచ్చుగుడ్డలు ప్రసిద్ధికెక్కాయి. ఒకే గుడ్డ మీద పలు రకాల వర్ణమాలలు, అంచులు చీమల బారులా కిక్కిరిసి ఉంటాయి. పెద్దయ్యాక ఇళ్ళలో పనికి కుదరవలసిన ఆ పిల్లలకు అదే యోగ్యతాపత్రం. మన పెళ్ళిచూపుల్లో "అమ్మాయికి కుట్లూ అల్లికలూ వచ్చా?" అని అడిగిన కాలం గుర్తున్నవారికి ఇది కొత్తగా తోచదు. అక్కడ ఉద్యోగానికి అడిగారు, ఇక్కడ సంబంధానికి అడిగారు.

ఇదే మ్యూజియంలో ఇంకొక గుడ్డ ఉంది. దాని గురించి చదివిన రోజు నేను వేరే పని చేయలేకపోయాను. 1813లో ససెక్స్ ప్రాంతంలో పుట్టిన ఎలిజబెత్ పార్కర్ 1830 ప్రాంతంలో దాన్ని కుట్టింది. పువ్వు లేదు, పక్షి లేదు, అంచు లేదు. తెల్లని నారగుడ్డ మీద ఎర్ర పట్టుదారంతో, క్రాస్ స్టిచ్‌లో, వరుస తరువాత వరుస ఉత్త మాటలు. తనకు రాయటం రాదని మొదలుపెట్టి, చిన్నవయసులోనే ఇళ్ళలో పనికి చేరటం, యజమాని పెట్టిన హింస, చచ్చిపోవాలన్న ఆలోచన, ఆ ఆలోచన పాపమన్న భయం అన్నీ అందులో చెప్పుకుంది. చివరికి తన ఆత్మ ఏ గతి పొందుతుందోనన్న ప్రశ్న దగ్గర వాక్యం మధ్యలోనే ఆగిపోతుంది. కింద గుడ్డ ఖాళీగా ఉంటుంది. ఒక్కొక్క అక్షరానికి ఎన్ని ఇంటూ గుర్తులు పడతాయో కుట్టినవారికి తెలుసు. కోపంలో గబగబా గీకి పారేసిన ఉత్తరం కాదది. రోజుల తరబడి లెక్కపెట్టుకుంటూ చెప్పుకున్న దుఃఖం. ఆమె ఆ తరువాత బతికే ఉందనీ, ఊరి బడిలో ఉపాధ్యాయినిగా పనిచేసి 76 ఏళ్ళ వయసు వరకు జీవించిందనీ పరిశోధకులు కనుగొన్నారు. అది చదివాక గానీ నా మనసు కుదుటపడలేదు.

సూది చదువు నుండి కాలక్షేపంగా మారింది కూడా ఇంచుమించు ఆ కాలంలోనే. 19వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో గళ్ళ కాగితం మీద నమూనాలు అచ్చువేసి, చేత్తో రంగులద్ది అమ్మటం మొదలైంది. ఏ గడిలో ఏ రంగో చూసుకుంటూ రంగురంగుల ఉన్నితో కుట్టటమే. మధ్యతరగతి ఇళ్ళలో కుర్చీ మెత్తలూ చెప్పులూ కూడా ఈ కుట్టుతో నిండిపోయాయి. ఇది కళ కాదు, కాపీ అని ఈసడించినవారూ ఉన్నారు. 1872లో లండన్‌లో మొదలైన రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్ పాత కుట్లను నిలబెట్టటానికి పూనుకున్నది. ఈనాడు పెట్టెలో వచ్చే క్రాస్ స్టిచ్ నమూనాలకు పూర్వరూపం మాత్రం ఆ బెర్లిన్ కాగితమే.

ఇది ఆడవాళ్ళ పని అనుకునేవారికి ఒక ముచ్చట. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మన్లకు చిక్కిన బ్రిటిష్ మేజర్ అలెక్సిస్ కాస్డగ్లీ 1941 డిసెంబరులో నిర్బంధ శిబిరంలో కూర్చుని ఒక మచ్చుగుడ్డ కుట్టాడు. జర్మన్ అధికారులు ముచ్చటపడి దాన్ని ప్రదర్శనకు పెట్టారు. అంచుల చుట్టూ అలంకారంగా ఉన్న చుక్కలూ గీతలూ మోర్స్ సంకేతాలని వారు గమనించలేదు. ఒక అంచున రాజుగారిని దేవుడు కాపాడాలన్న ప్రార్థన, ఇంకొక అంచున హిట్లరుకు ఒక పచ్చి బూతు తిట్టు!

ఇక కార్డుల సంగతి. బ్రిటన్‌లో 1840లో ఒక పెన్నీకే దేశంలో ఎక్కడికైనా ఉత్తరం వెళ్ళే పద్ధతి వచ్చింది. ఆ సంస్కరణలో పాలుపంచుకున్న హెన్రీ కోల్‌కు మూడేళ్ళు తిరిగేసరికి పండగ ఉత్తరాలకు జవాబులు రాయటమే పెద్ద పనైంది. 1843లో జాన్ కాల్కాట్ హార్స్లీ అనే చిత్రకారుడి చేత ఒక బొమ్మ వేయించి అచ్చొత్తించాడు. మొదటి క్రిస్మస్ కార్డుగా చరిత్రకెక్కింది అదే. చేత్తో రంగులు వేసిన ఆ కార్డు వెల ఒక షిల్లింగు, అంటే 12 పెన్నీలు. ఉత్తరం పంపే ఖర్చుకు 12 రెట్లు. బొమ్మలో కుటుంబమంతా, పసిపిల్లతో సహా, ద్రాక్షసారాయి తాగుతున్నట్టు ఉండటంతో మద్యపాన వ్యతిరేకులు మండిపడ్డారు. ఈ కోల్‌గారే తరువాత సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియానికి మొదటి డైరెక్టరయ్యాడు. 1899లో దాని పేరు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంగా మారింది. జేన్, ఎలిజబెత్‌ల గుడ్డలు ఇప్పుడు భద్రంగా ఉన్నది అక్కడే.

కోల్ కార్డు అచ్చుయంత్రంలో పుడితే, అమెరికాలో కార్డు ఇంటి బల్ల మీద పెరిగింది. మసాచుసెట్స్‌లోని వూస్టర్ పట్టణపు ఎస్తర్ హౌలాండ్ 1847లో మౌంట్ హోల్యోక్‌లో చదువు ముగించి ఇంటికి వచ్చింది. ఇంగ్లండు నుండి వచ్చిన ఒక ప్రేమ కార్డు చూసి, తానూ అటువంటివి చేయగలననుకుంది. స్టేషనరీ వ్యాపారి అయిన తండ్రి ద్వారా లేసుకాగితం, పూల బొమ్మలు తెప్పించి కొన్ని నమూనాలు చేసింది. ఊరూరా తిరిగే అన్న వాటిని చూపించి, అనుకున్నదానికి ఎన్నో రెట్లు ఆర్డర్లు తెచ్చాడంటారు. ఆమె స్నేహితురాళ్ళను పిలిచి, ఒకరు కత్తిరించటం, ఒకరు అతికించటం, ఇంకొకరు పొరలు పేర్చటం అని పని పంచింది. ఇల్లు కదలలేని స్త్రీలకు సామాన్లు ఇంటికే పంపేది. అలా మూడు దశాబ్దాలకు పైగా నడిపి, 1881లో వ్యాపారాన్ని అమ్మివేసింది. ఈనాడు కార్డులు చేసేవారు రంగు కాగితం మీద లేసు, దాని మీద పువ్వు పొరలుగా అతికిస్తున్నారంటే తెలియకుండానే ఆమె బాటలో నడుస్తున్నారన్నమాట.

ఆ తరువాత అచ్చు కార్డులదే రాజ్యమైంది. అయినా చేతి గుర్తు కోసం మనిషికి ఉన్న తపన పోలేదు. మన శుభలేఖలే చూడండి. ఎంత ఖరీదైన అచ్చైనా నాలుగు మూలలా పసుపు రాయనిదే ఇంట్లోంచి బయటికి వెళ్ళదు. మంగళం కోసమే రాస్తాం, నిజమే. కానీ అందుకున్నవాడికి ఎవరో ఒక్కొక్క కార్డునూ చేతిలోకి తీసుకున్నారన్న సంగతి కూడా అందుతుంది.

మూడవది కత్తెరా జిగురూ. నచ్చిన మాటల్ని ఒక పుస్తకంలోకి ఎత్తి రాసుకోవటం యూరపులో పాత అలవాటే. 19వ శతాబ్దంలో పత్రికలు చవకై, ఇల్లంతా కాగితం పేరుకునేసరికి రాసుకోవటం పోయి కత్తిరించి అతికించుకోవటం వచ్చింది. ఈ అలవాటున్న మార్క్ ట్వేన్ జిగురుతో విసిగిపోయి, పేజీల మీద ముందే జిగురు పూసి ఉండే పుస్తకానికి 1873లో పేటెంటు తీసుకున్నాడు. తడిపి అతికించుకోవటమే. అక్షరం ముక్క లేని ఆ పుస్తకం బాగానే అమ్ముడుపోయింది.

అందరికీ అది వినోదం కాదు. ఫిలడెల్ఫియాలో విలియం డోర్సీ అనే నల్లజాతి చిత్రకారుడు, బానిసత్వం నుండి తప్పించుకు వచ్చినవాడి కొడుకు, తనవారి గురించి పత్రికల్లో వచ్చిన ప్రతి చిన్న వార్తనూ కత్తిరించి దాచాడు. అలా దాదాపు 400 పుస్తకాలయ్యాయి. ఆయన 1923లో పోయాడు. అర్ధశతాబ్దం తరువాత ఆ పుస్తకాలు వెలుగులోకి వచ్చాక, వాటి ఆధారంగా ఆ నగరపు నల్లవారి చరిత్రను రాయగలిగారు. స్త్రీల ఓటుహక్కు ఉద్యమంలో పనిచేసిన ఎలిజబెత్ స్మిత్ మిల్లర్, ఆమె కూతురు ఆన్ 1897 నుండి 1911 వరకు కరపత్రాలూ బ్యాడ్జీలూ కత్తిరింపులూ అతికించిన పుస్తకాలు ఈనాడు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి.

మన ఇళ్ళలోనూ ఈ పని జరిగింది, పేరు మాత్రం వేరు. వారపత్రికల్లో వచ్చే సీరియళ్ళను వారం వారం చించి, వరుసగా పేర్చి, ట్వైన్ దారంతో కుట్టించి, అట్ట వేయించి దాచుకున్న ఇళ్ళు ఎన్నో. కథతో పాటు బాపు బొమ్మా, వెనుక పేజీలో సగం తెగిన తలనొప్పి మందు ప్రకటనా ఆ పుస్తకాల్లో దొరుకుతాయి. అచ్చు పుస్తకంగా రాని సీరియల్ ఏదైనా ఈనాటికి మిగిలిందంటే ఎవరో ఒక ఇల్లాలి కత్తెర పుణ్యం కావచ్చు. విచారించవలసిన సంగతి ఏమిటంటే, వార్తాకాగితంలో ఆమ్లగుణం ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ పసుపుబారి, ముట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. 1980ల నుండి అమెరికాలో స్క్రాప్‌బుక్ మళ్ళీ పెద్ద అలవాటుగా మారినప్పుడు ఆమ్లం లేని కాగితం, జిగురు వాడాలని పట్టుబట్టింది అందుకే. మన పాత బైండు పుస్తకాలకు ఆ భాగ్యం లేదు. ఉన్నవాటిని స్కాన్ చేసి దాచుకోవటమే దారి.

చివరగా, ఈ "కాలక్షేపం" అన్న మాట ఎంత ప్రమాదకరమో మన గోదావరి డెల్టాయే చెబుతుంది. నరసాపురం చుట్టుపక్కల క్రోషా లేసు అల్లకం 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చింది. యూరపులో బల్లల మీద పరిచే లేసును వేలమంది స్త్రీలు ఇక్కడ ఇళ్ళలో కూర్చుని అల్లారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ ఇక్కడికి వచ్చి పరిశోధించి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. రోజుకు గంటల తరబడి చేసే ఆ పనిని వ్యాపారులూ ఇంటివారూ "ఇల్లాళ్ళు తీరిక వేళల్లో చేసుకునేది"గా లెక్కకట్టారనీ, అందువల్లనే కూలి అంత తక్కువగా ఉందనీ ఆమె వాదం. అవే సూదీ దారమూ ఒక ఇంట హాబీ, ఇంకొక ఇంట కూడు. రెండింటికీ ఒకే పేరు పెడితే నష్టపోయేది రెండవ ఇల్లు.

హాబీని తక్కువ చేయటం నా ఉద్దేశం కాదు. ఎవరి ఆజ్ఞా లేకుండా, ఎవరికీ లెక్క చెప్పకుండా, తన కోసం తాను కుట్టుకోగలగటం ఎలిజబెత్ పార్కర్‌ వంటివారికి దొరకని స్వేచ్ఛ. అది దొరికినవారు హాయిగా అనుభవించాలి. నేను కోరేది ఒక్కటే. మీ ఇంట్లో గోడ మీద క్రాస్ స్టిచ్ స్వాగతం ఉంటే, అల్మైరాలో బైండు చేసిన సీరియల్ ఉంటే, అది ఎవరి చేతి పనో, ఏ సంవత్సరానిదో తెలిసినవారు ఉండగానే అడిగి వెనకవైపు రాసిపెట్టండి. మీరే కుడుతుంటే మూలన పేరూ సంవత్సరమూ కుట్టండి. జేన్ బోస్టాక్ ఆ నాలుగు అంకెలూ కుట్టకపోయి ఉంటే ఆమె గుడ్డ ఏనాటిదో ఎవరూ ఇంత నిశ్చయంగా చెప్పగలిగేవారు కారు.