తుక్కులోని వెండి

విజయనగరం పూసపాటి రాజుల చరిత్రను ఎందరో వ్రాశారు. కంసాలి కొట్టు దుమ్మును కొని, కడిగి, పాదరసంతో బంగారు రజను పట్టి బ్రతికినవారి చరిత్ర వ్రాసినవారు అరుదు.

1955లో మాచ్‌ఖండ్ విద్యుదుత్పత్తి ఆరంభమై, ఉత్తర కోస్తాకు కరెంటుతోపాటు యీ వృత్తికి మరో ముడిసరుకూ వచ్చింది. లోహాలన్నిటిలో కరెంటును బాగా పారనిచ్చేది వెండి. అందుకే పెద్ద స్విచ్చుల్లో ఒకదానికొకటి తగిలే బిళ్లలను వెండి కలిపి చేస్తారు. అరిగిన బిళ్లలు తుక్కులో పడతాయి. వాటిని నత్రికామ్లంలో కరగించి ఉప్పునీరు పోస్తే వెండి తెల్లని మడ్డిగా అడుగుకు దిగుతుంది. ఐతే అనేక బిళ్లల్లో కాడ్మియం ఆక్సైడు ఉంటుంది. ఆమ్లం ఖర్చెందుకని నేరుగా మూసలో కరగబెట్టేవాడి ఊపిరితిత్తులనూ మూత్రపిండాలనూ ఆ పొగ తినేస్తుంది. తుక్కు ధరలో యీ రోగం ఖర్చు కలవదు.

ఇప్పుడు ఫోన్ల పలకలమీది బంగారు పూత కూడా అదే చేతికి వస్తోంది. ఎలక్ట్రానిక్ వ్యర్థాలపై 2016 నిబంధనలు సేకరణ కేంద్రాలనూ, విడదీసేవారినీ కనీసం పేరెత్తాయి. 2023 ఏప్రిల్ 1న అమలుకు వచ్చిన కొత్త నిబంధనల్లో నమోదుకు తయారీదారు, ఉత్పత్తిదారు, మరమ్మతుదారు, రీసైక్లరు మిగిలారు. శ్రీకాకుళం వీధుల్లో సైకిలుమీద తిరిగి సరుకు పోగుచేసి, పైవాడు చెప్పిన ధరకు అమ్ముకునేవాడికి ఆ జాబితాలో చోటు లేదు.