ఆ 24 గంటలు

"తప్పు చేసినవాడి తరఫున కూడా వాదిస్తారు, ఈ ప్లీడర్లకి మనసెలా ఒప్పుతుందో!" టీవీలో వార్తలు చూస్తూ మన ఇళ్ళల్లో తరచూ వినిపించే మాట ఇది. దీనికి కె.జి. కన్నబిరాన్ గారి జీవితంలో నాకు జవాబు దొరికింది.

1929లో మదురైలో పుట్టి, నెల్లూరులో పెరిగి, మద్రాసులో చదువుకుని, హైదరాబాదులో స్థిరపడ్డ లాయరు ఆయన. శ్రీకాకుళం గిరిజన పోరాటం తర్వాత నడిచిన పార్వతీపురం కుట్ర కేసులో ముద్దాయిల తరఫున నిలబడ్డారు. 1974లో పెట్టిన సికింద్రాబాద్ కుట్ర కేసులోనూ అంతే. అందులో వరవరరావు, చెరబండరాజు లాంటి కవులు కూడా ముద్దాయిలే. ఆ కేసు 1989లో కొట్టేశారు. పదిహేనేళ్ళు! కేసు పెట్టిన ఏడాది పుట్టిన బిడ్డ, తీర్పు వచ్చేనాటికి పదో తరగతికి వచ్చేసి ఉంటుంది. అన్నేళ్ళూ వాయిదా వాయిదాకీ కోర్టు మెట్లెక్కిన మనుషులు, ఇంటి దగ్గర ఎదురుచూసిన ఆడవాళ్ళు ఎలా నెట్టుకొచ్చారో ఏ రికార్డులోనూ ఉండదు.

అన్నీ గెలుపులే కావు. ఆదిలాబాద్ జిల్లా రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌ల ఉరి ఒకసారి చివరి గంటల్లో ఆగింది. దాన్ని ఆపడానికి తిరిగినవాళ్ళలో కన్నబిరాన్ ఒకరు. కానీ ఎమర్జెన్సీలో, 1975 డిసెంబరు 1న, ఇద్దరినీ ఉరితీశారు. ఆయన పని మానలేదు. ఎన్‌కౌంటర్ల మీద విచారణ కోరారు, పౌరహక్కుల సంఘానికి ఏళ్ళ తరబడి అధ్యక్షులుగా ఉన్నారు.

ఆయన ఆత్మకథ తెలుగులోనే వచ్చింది. పేరు '24 గంటలు'. ఏమిటా 24 గంటలు? మన రాజ్యాంగం 22వ అధికరణం చెప్పే లెక్క అది. అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణానికి పట్టే సమయం పోను, 24 గంటల్లోపు మెజిస్ట్రేటు ముందుకు తేవాలి. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి. తనకి నచ్చిన లాయరుతో మాట్లాడుకోనివ్వాలి. మనిషి మాయమైపోయేదీ, దెబ్బలు తినేదీ ఎక్కువగా ఆ లెక్క తప్పినప్పుడే.

ఆ ఇంట్లో ఆయన ఒక్కరే కాదు. భార్య వసంత కన్నబిరాన్ ఇంగ్లీషు పాఠాలు చెబుతూనే స్త్రీల ఉద్యమంలో పనిచేశారు. తెలంగాణ సాయుధ పోరాటంలోని ఆడవాళ్ళ అనుభవాలను వాళ్ళ మాటల్లోనే అందించిన 'మనకు తెలియని మన చరిత్ర' వెనక ఆవిడ శ్రమ కూడా ఉంది. తండ్రి ఆత్మకథని కూతురు కల్పన ఇంగ్లీషులోకి తెచ్చారు. 2010 డిసెంబరులో ఆయన కన్నుమూశారు.

ఇక మొదటి ప్రశ్న. తప్పు చేశాడో లేదో తేల్చేది కోర్టు. అది తేలేదాకా మనిషి ప్రాణంతో, ఒంటి మీద దెబ్బ లేకుండా ఉండేలా చూడటం లాయరు పని. మనకి నచ్చనివాడికి ఆ 24 గంటల లెక్క వర్తించదని ఈరోజు ఊరుకుంటే, రేపు ఏ పొరపాటు వల్లో మన పిల్లాణ్ణి జీపెక్కించినప్పుడు ఏ మొహంతో అడుగుతాం? పిల్లలకి ఎక్కాలతో పాటు ఈ లెక్క కూడా నేర్పుదాం.