క్రోన్స్ వ్యాధి: అతి స్పందనా, అల్ప స్పందనా?

రోగనిరోధక వ్యవస్థ పేగు బాక్టీరియాపై అతిగా స్పందించడమే పేగువాపు వ్యాధులకు మూలమన్న సూత్రీకరణ వైద్యగ్రంథాల్లో స్థిరపడిపోయింది గాని, గత పాతికేళ్ల ఆధారాలు దానిని పూర్తిగా సమర్థించవు.

1913లో గ్లాస్గో శస్త్రవైద్యుడు డాల్‌జీల్ వర్ణించిన పేగువాపును 1932లో న్యూయార్క్‌లో క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ ప్రత్యేక వ్యాధిగా నిలబెట్టారు. ఇంటర్‌ల్యూకిన్-10 లోపించిన ఎలుకలకు పెద్దపేగు వాపు వస్తుందనీ, సూక్ష్మజీవులే లేని వాతావరణంలో పెంచితే అది రాదనీ 1990లలో తేలడంతో బాక్టీరియా పాత్ర నిర్వివాదమైంది.

అసలు వివాదం 2001లో మొదలైంది. బాక్టీరియా కణకవచపు శకలమైన మ్యురామిల్ డైపెప్టైడ్‌ను కణం లోపల గుర్తించే గ్రాహకం నాడ్2. దాని జన్యువులోని మార్పులు క్రోన్స్ ముప్పును పెంచుతాయని రెండు పరిశోధక బృందాలు ఆ ఏడాది విడివిడిగా ప్రకటించాయి. అయితే ఆ మార్పులు గుర్తింపు శక్తిని తగ్గించేవే తప్ప పెంచేవి కావు. గుర్తింపు సన్నగిల్లిన చోట వాపు ఎందుకు చెలరేగాలి? టోల్-2 అనే మరో గ్రాహకానికి నాడ్2 కళ్లెం వేస్తుందని, అది సడలితే వాపు పెరుగుతుందని 2004లో ఒక వివరణ వచ్చింది. 2005లో ఒకే పత్రికాసంచికలో రెండు భిన్న ఫలితాలు వెలువడ్డాయి: నాడ్2 లేని ఎలుకల పేగులో బాక్టీరియాను చంపే డిఫెన్సిన్లు తగ్గాయని ఒక బృందం, మార్పు చెందిన నాడ్2 ఉన్న ఎలుకల్లో స్పందన మితిమీరిందని మరొక బృందం చెప్పాయి. రెండవ ఫలితంతో, అదే మార్పు గల రోగుల కణాలు మ్యురామిల్ డైపెప్టైడ్‌కు మందకొడిగా స్పందించడం పొసగదు. పేగు బాక్టీరియాను టోల్ గ్రాహకాలు గుర్తిస్తేనే గాయపడిన పేగుపొర కోలుకుంటుందని 2004 నాటి ఎలుకల ప్రయోగాలు చూపాయి కనుక, లోపవాదానికే మొగ్గు ఎక్కువ. అయినా డిఫెన్సిన్ల తగ్గుదల కారణమా, వాపు ఫలితమా అన్నది తేలలేదు. పైగా ఒకే ఈత ఎలుకలను పోల్చినప్పుడు నాడ్2 వల్ల కలిగాయనుకున్న బాక్టీరియా భేదాలు చాలావరకు కనిపించలేదు.

ఐరోపా సంతతివారిలో ప్రధానమైన నాడ్2 మార్పులకూ భారతీయ రోగులకూ సంబంధం కనిపించలేదని హైదరాబాద్ పరిశోధకుల 2011 అధ్యయనం తేల్చింది. అందుచేత ఒక్క జన్యువు కథను సార్వత్రికం చేయడం తొందరపాటే. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి మందులు ఎందరికో ఉపశమనమిచ్చినా, అవి అణిచేది వాపునే గాని గుర్తింపు లోపాన్ని కాదు. ఇక బాక్టీరియా గుళికలతో ఈ వ్యాధి నయమవుతుందన్న ప్రచారం, క్రోన్స్ విషయంలో అందుబాటులో ఉన్న సాక్ష్యాన్ని ఎంతో మించిపోయింది.