వీధిలోని తీగె - పంచాయతీ హక్కు

గ్రామపెద్దలారా,

ఊరి బావికిని, బాటకును పంచాయతీయే కర్త యని మీరెరుగుదురు. ఇంటింటికి టెలివిజను బొమ్మలను గొనివచ్చు కేబులు తీగెకు కర్త యెవరు?

రేడియో ప్రసారము మన ప్రాంతమున కొంతకాలము స్థానికసంస్థ చేతనే నడచెను. 1924లో చెన్నపట్టణమున నొక రేడియో సంఘము వెలసెను. అది నిలువలేకపోగా, 1930లో ఆ నగరపు కార్పొరేషనువారు ప్రసారమును చేపట్టి, 1938లో ఆలిండియా రేడియో వచ్చువరకు నడపిరి. కర్నూలు, కడప జిల్లాలు నాడు మద్రాసు రాజధానిలోనివే.

కేబులు కథ వేరు. 1995 నాటి కేంద్రచట్టము తీగె నడపువారు నమోదు కావలెనని విధించెను. ఆ నమోదు చిరకాలము హెడ్డు పోస్టాఫీసులో జరిగి, 2025లో కేంద్ర ప్రసారశాఖకు మారెను. నియమము తప్పిన ప్రసారమును ఆపు అధికారము కలెక్టరు మొదలగువారికి దక్కెను. వారిలో పంచాయతీని చట్టము పేర్కొనలేదు.

అయినను పంచాయతీకి రెండు హక్కులు కలవు. 2011 సవరణ ననుసరించి, స్థానికసంస్థ స్థలములో స్తంభము పాతుటకు, తీగె లాగుటకు దాని అనుమతి వలయును. తగిన షరతులను అది విధింపవచ్చును. 2016 రాజ్యాంగ సవరణ వినోదపు పన్నును వస్తుసేవల పన్నులో గలిపినను, పంచాయతీలు, మునిసిపాలిటీలు విధించు భాగమును మాత్రము విడిచిపెట్టినది.

కావున పంచాయతీ బాటపై చొప్పబండికి తగులునట్లు తీగె వ్రేలాడినయెడల, తీగెవానితో కలహింప నేల? గ్రామసభలో నడుగుడు: అనుమతి యిచ్చితిరా? ఏ షరతులపై? కాగితమేది? అడుగనివారి హక్కు చట్టములోనే యుండును, వీధిలోనికి రాదు.