ఈ-ఇన్వాయిస్ అంటే పీడీఎఫ్ కాదు: ఎక్స్‌ఎంఎల్, జేసన్ గురించి వ్యాపారులు తెలుసుకోవాల్సింది

కరీంనగర్: కంప్యూటర్‌లో బిల్లు కొట్టి, పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపితే అదే ఈ-ఇన్వాయిస్ అని అనుకునే వ్యాపారులు ఇంకా ఉన్నారు. అది ఈ-ఇన్వాయిస్ కాదు. ఈ-ఇన్వాయిస్ చేయాల్సిన వ్యాపారి మామూలు బిల్లు ఇస్తే, జీఎస్టీ నిబంధన 48(5) ప్రకారం అది అసలు ఇన్వాయిస్ కిందికే రాదు. దాంతో కొన్నవాళ్ల ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ చిక్కుల్లో పడుతుంది. క్రెడిట్ రాని పార్టీ మళ్లీ సరుకు కొనడానికి వెనకాడుతుంది. అంటే చివరికి దెబ్బ అమ్మినవాళ్లకే.

ఎవరికి వర్తిస్తుంది?

2020 అక్టోబర్ 1న ఇది 500 కోట్ల రూపాయలు దాటిన కంపెనీలతో మొదలైంది. తర్వాత పరిమితిని 100, 50, 20, 10 కోట్లకు దించుతూ వచ్చారు. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లకూ వర్తిస్తోంది. 2017-18 నుంచి ఏ ఒక్క ఆర్థిక సంవత్సరంలో దాటినా చాలు, ఈ ఏడాది వ్యాపారం తగ్గిందని మినహాయింపు లేదు.

ఇక్కడ రైస్ మిల్లులు జాగ్రత్తగా చూడాల్సిన సంగతి ఒకటుంది. పన్ను లేని సరుకుకు ఈ-ఇన్వాయిస్ అక్కర్లేదు. కానీ ఆ అమ్మకాలు కూడా టర్నోవర్ లెక్కలోకి వస్తాయి. ఒకే పాన్ మీద రెండు మూడు రిజిస్ట్రేషన్లు ఉంటే అన్నీ కలిపే చూస్తారు. ఇంకో వ్యాపారికి అమ్మే పన్ను ఉన్న సరుకు, ఎగుమతులు, వాటి క్రెడిట్, డెబిట్ నోట్లు దీని కిందికి వస్తాయి. దుకాణానికి వచ్చే మామూలు గిరాకీకి ఇచ్చే బిల్లుకు ఇది అవసరం లేదు. బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీల వంటి కొన్నింటికి మినహాయింపు ఉంది.

మెషిన్ చదివే బిల్లు

కరీంనగర్ గ్రానైట్ యూనిట్ చెన్నైకి పాలిష్ చేసిన రాయి పంపిందనుకుందాం. కాగితం బిల్లు మీద 600001 అని చూడగానే అది పిన్‌కోడ్ అని గుమాస్తాకు తెలుస్తుంది. కంప్యూటర్‌కు మాత్రం అది ఆరు అంకెలే. అది పిన్‌కోడా, బిల్లు నంబరా, రూపాయలా అని ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పే పద్ధతుల్లో ఒకటి ఎక్స్‌ఎంఎల్. 1998 ఫిబ్రవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం దీన్ని ప్రమాణంగా ప్రకటించింది. ఇందులో ప్రతి వివరానికి ముందూ వెనకా పేరు చీటీ ఉంటుంది. దాన్నే ట్యాగ్ అంటారు:

<కొనుగోలుదారు>
<ఊరు>చెన్నై</ఊరు>
<పిన్>600001</పిన్>
</కొనుగోలుదారు>
<విలువ>100000</విలువ>
<పన్ను>18000</పన్ను>

మొదటి చీటీ వివరం ఎక్కడ మొదలైందో, గీత ఉన్న చీటీ ఎక్కడ ముగిసిందో చెబుతుంది. ఊరు, పిన్ రెండూ కొనుగోలుదారు లోపల ఉన్నాయి కాబట్టి అవి అమ్మినవాళ్లవి కావని కంప్యూటర్‌కు అర్థమవుతుంది. బియ్యం బస్తాల మీద రకం, తూకం రాసి గోదాంలో పేర్చడం లాంటిదే ఇది. ఏ చీట్లు ఉండాలి, ఏవి తప్పనిసరి, ఎన్ని అక్షరాలు పట్టాలి అని ముందే రాసిపెట్టిన పట్టికను స్కీమా అంటారు.

మన దగ్గర జేసన్, సౌదీలో ఎక్స్‌ఎంఎల్

జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ ఎక్స్‌ఎంఎల్‌లో కాదు, జేసన్ అనే ఫార్మాట్‌లో వెళ్తుంది. రాసే తీరు వేరు, సూత్రం మాత్రం ఒకటే: ప్రతి వివరానికీ ఒక పేరు, దాని పక్కన విలువ. ఎక్స్‌ఎంఎల్ మన వ్యాపారులకు మరీ కొత్తదేమీ కాదు. ట్యాలీలో డేటా ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ చేసేటప్పుడు అకౌంటెంట్లు వాడే ఫైళ్లలో అదీ ఒకటి.

ఉత్తర తెలంగాణ నుంచి వేల మంది వెళ్లే గల్ఫ్‌లో చూస్తే, సౌదీ అరేబియా ఎక్స్‌ఎంఎల్‌నే ఎంచుకుంది. అక్కడ 2021 డిసెంబర్ 4న ఎలక్ట్రానిక్ బిల్లు తప్పనిసరి అయింది. 2023 జనవరి 1 నుంచి విడతల వారీగా వ్యాపారుల సాఫ్ట్‌వేర్‌ను పన్ను శాఖ ఫాతూరా వ్యవస్థకు కలుపుతున్నారు.

ఐఆర్‌ఎన్ ఎలా వస్తుంది?

సాఫ్ట్‌వేర్ తయారుచేసిన జేసన్ ఫైల్ ఇన్వాయిస్ రిజిస్ట్రేషన్ పోర్టల్‌కు వెళ్తుంది. పోర్టల్ వివరాలను సరిచూసి, 64 అక్షరాల ఐఆర్‌ఎన్, డిజిటల్ సంతకం ఉన్న క్యూఆర్ కోడ్ తిప్పి పంపుతుంది. అమ్మినవాళ్ల జీఎస్టీ నంబర్, బిల్లు రకం, బిల్లు నంబర్, ఆర్థిక సంవత్సరం కలిపి ఈ ఐఆర్‌ఎన్ తయారవుతుంది. అందుకే ఒకే బిల్లును రెండుసార్లు నమోదు చేయలేరు. ఈ క్యూఆర్ కోడ్ ఉన్నదే చెల్లే బిల్లు. వివరాలు జీఎస్‌టీఆర్-1లోకి వాటంతట అవే వెళ్తాయి.

ఎక్కడ తప్పు జరుగుతుంది?

జీఎస్టీ నంబర్‌లో 15 అక్షరాలు ఉంటాయి. మొదటి రెండు రాష్ట్రం కోడ్, తెలంగాణకు 36. అడ్రస్‌లో తమిళనాడు కోడ్ వేసి కరీంనగర్ పిన్ 505001 కొడితే మనిషి సర్దుకుంటాడు, పోర్టల్ మాత్రం బిల్లును తిప్పికొడుతుంది. బిల్లు నంబర్ 16 అక్షరాలు దాటకూడదు, సున్నాతో మొదలు కాకూడదు. తేదీ రోజు, నెల, సంవత్సరం వరుసలోనే ఉండాలి. ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌ను చేత్తో దిద్దేవాళ్లు ఫర్మ్ పేర్లలోని & గుర్తును చూసుకోవాలి. ఆ గుర్తుకు ఎక్స్‌ఎంఎల్‌లో వేరే అర్థం ఉంది, ఉన్నదున్నట్టు వదిలేస్తే ఫైల్ చదవడం ఆగిపోతుంది.

పోర్టల్‌లో బిల్లును దిద్దే వీలు లేదు. 24 గంటల లోపు రద్దు చేసుకోవచ్చు, కానీ అదే నంబర్‌తో మళ్లీ కొట్టలేరు. 10 కోట్లు, ఆపైన టర్నోవర్ ఉన్నవాళ్లు 2025 ఏప్రిల్ 1 నుంచి బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోపు నమోదు చేయాల్సిందే. గడువు దాటితే పోర్టల్ తీసుకోదు.

యజమానులు కోడ్ నేర్చుకోనక్కర లేదు. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పార్టీ జీఎస్టీ నంబర్, పిన్‌కోడ్, రాష్ట్రం, ప్రతి సరుకు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ ఒకసారి అకౌంటెంట్‌తో కూర్చుని సరిచూసుకుంటే చాలావరకు ఇబ్బందులు తప్పుతాయి. కొనేవాళ్లు కూడా, అమ్మినవాళ్లు ఈ-ఇన్వాయిస్ పరిధిలో ఉంటే, డబ్బు కట్టే ముందు బిల్లు మీద ఐఆర్‌ఎన్, క్యూఆర్ కోడ్ ఉన్నాయో లేదో చూసుకోవాలి.