అదారి ఊట, మన పెరటి పిట్టలు

(రేడియో ప్రసంగానికి అక్షరరూపం)

నేను బహ్రెయిన్ నుంచి మాట్లాడుతున్నాను. వృత్తి ఐటీ కన్సల్టింగు. కానీ ఈ రోజు పెరటి తోట గురించి, దానికి వచ్చే పిట్టల గురించి, వాటి వెనకున్న నాలుగు వేల ఏళ్ళ నీటి కథ గురించి చెప్పాలనుకుంటున్నాను.

డాలస్‌లోనో, లండన్‌లోనో ఉన్నవాళ్ళకి ఫిబ్రవరి అంటే విత్తనాల కవర్లు బయటికి తీసే నెల. మాకు లెక్క తిరగబడుతుంది. ఇక్కడ అక్టోబరులో విత్తుతాం. ఫిబ్రవరికి టమాటాలు, వంకాయలు, కొత్తిమీర చేతికొస్తాయి. రౌండబౌట్ల దగ్గర పెటూనియా పూలు విరగబూస్తాయి. ఏప్రిల్ దాటితే ఎండ మొదలు. ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 80 మిల్లీమీటర్లు. మా అనంతపురం జిల్లాని కరువు సీమ అంటారు కదా, అక్కడే 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది!

మరి ఇంత తక్కువ వానతో ఈ దీవిలో తోటలు ఎలా వచ్చాయి? భూమిలోంచి ఉబికిన ఊటల వల్ల. బహ్రెయిన్ అంటే అరబ్బీలో రెండు సముద్రాలు. ఒకటి ఉప్పు సముద్రం, రెండోది నేల కింది తియ్యటి సముద్రం అని ఇక్కడి పెద్దలు చెప్పుకుంటారు. సముద్రం అడుగున కూడా మంచినీటి ఊటలుండేవి. ముత్యాల కోసం వెళ్ళిన వాళ్ళు మునిగి, తోలు సంచుల్లో ఆ నీళ్ళు పట్టుకుని తాగేవారు.

ఈ నీటి పేరు సుమేరియన్ల మట్టిపలకల్లోనూ ఉంది. వాళ్ళు దిల్మున్ అని పిలిచిన దేశానికి కేంద్రం ఈ దీవే. ఒక కథలో దిల్మున్‌కి మంచినీరు ఉండదు. అక్కడి దేవత అడిగితే, ఎంకి అనే నీటి దేవుడు ఊటలు పుట్టిస్తాడు. అప్పటినుంచి ఆ ఊరు ధాన్యంతో నిండుతుంది. డెన్మార్క్ పరిశోధకులు 1954లో బార్బార్ గ్రామం దగ్గర ఒక గుడి తవ్వడం మొదలుపెట్టారు. సుమారు క్రీ.పూ. 2000 నాటిది. గుడి పక్కన మెట్లు దిగి వెళ్తే ఊటబావి! మన గుడి, మన కోనేరు గుర్తుకు రావడం లేదూ?

ఆ రోజుల్లోనే మన సింధు లోయతో వీళ్ళకి వ్యాపారం ఉండేది. దిల్మున్ వర్తకులు వాడిన తూకం రాళ్ళు హరప్పా తూకాలకి సరిపోతాయి. చెట్లు కూడా అటూ ఇటూ తిరిగాయి. ఇక్కడి అరబ్బులు మామిడిని ‘హంబా’ అంటారు, అది మన దేశపు ‘ఆంబ్’ మాటే. మన చింతపండుని అరబ్బీలో ‘తమర్ హిందీ’, అంటే ఇండియా ఖర్జూరం అన్నారు. ఇంగ్లీషు ‘టామరిండ్’ అందులోంచి పుట్టిందే.

ఇక అదారి. మనామా నగరానికి కాస్త దూరంలో ఉన్న పెద్ద ఊట. దాని మీద ఇక్కడ సామెత ఉంది: “అదారి దగ్గరివాళ్ళని వదిలేసి దూరంవాళ్ళకి నీళ్ళిస్తుంది.” ఆ ఊట నీరు కాలువల్లో పారి దూరపు ఖర్జూర తోటలను తడిపేది మరి. సొంతవాళ్ళని పట్టించుకోకుండా పైవాళ్ళకి మేలు చేసేవాణ్ణి ఇలా దెప్పుతారు. ‘పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు’ అని మనం దగ్గరిదాన్ని చిన్నచూపు చూడటం గురించి చెప్పుకుంటాం. వీళ్ళు దూరానికి పారిపోయే నీటి మీద చెప్పుకున్నారు. పరదేశంలో ఉన్న మనకి రెండో సామెతే కొంచెం ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఈ ఊటలకి ఏమైంది? 1925లో ఫ్రాంక్ హోమ్స్ అనే న్యూజీలాండ్ ఇంజనీరు ఇక్కడ నీళ్ళ బోర్లు వేశాడు. నీళ్ళు ఎగజిమ్మాయి. ఆ సంతోషంలోనే అదే ఏడాది డిసెంబరులో చమురు వెతికే హక్కు కూడా అతనికి దక్కింది. 1932లో చమురు పడింది. దీవి దశ తిరిగింది. జనం పెరిగారు, బోర్లు పెరిగాయి. వేల ఏళ్ళుగా తనంతట తాను పైకొచ్చిన నీరు కిందికి దిగిపోయింది. ఖాళీ అయిన చోటికి ఉప్పునీరు చొరబడింది. 1975లో సిత్రాలో సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటు మొదలైంది. 20వ శతాబ్దం ముగిసేసరికి అదారి సహజ ప్రవాహం ఆగిపోయింది. తరవాత అక్కడ పార్కు, పిల్లల ఆటలు వచ్చాయి.

ఈ కథ నాకు పుస్తకంలో చదివితే అర్థమైనది కాదు. మాది చీనీ తోటల ఊరు. నా చిన్నప్పుడు మా బోరులో రెండు వందల అడుగులకే నీళ్ళు. తరవాత మా నాయన వరసగా మూడు బోర్లు వేయించాడు, ఒక్కోటి ముందుదానికంటే లోతు. మూడోదాంట్లో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. పదిహేనేళ్ళ చీనీ చెట్లు కొట్టించి కట్టెలకి అమ్మాడు. ఆ బాకీ తీర్చడానికే నేను గల్ఫ్ ఉద్యోగం ఒప్పుకున్నాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బోర్లని అదుపు చేయడానికి 2002లో వాల్టా చట్టం వచ్చింది. అప్పటికే మా ఊళ్ళో చాలా తోటలు పోయాయి.

ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు నా తోటలో పైపు పట్టుకుని అడిగాడు: “ఈ నీళ్ళు ఎంత లోతు నుంచి వస్తాండాయిరా?”

“లోతు నుంచి కాదు నాయనా, ఎక్కువభాగం సముద్రం నుంచే. గ్యాసు మండించి ఉప్పు తీస్తారు.”

ఆయన పైపు కట్టేశాడు. మర్నాటి నుంచి బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు బకెట్లో పట్టి మొక్కలకి పోయడం మొదలుపెట్టాడు. ఇప్పుడు మా ఇంట్లో అదే పద్ధతి. ఎండాకాలంలో ఏసీ నుంచి కారే నీళ్ళు కూడా పడతాం. వాటిలో ఉప్పు ఉండదు, కరివేపాకుకి బాగా పడతాయి.

తోటలో పిట్టల సంగతి కూడా నీటితో ముడిపడిందే. ఈ కాలంలో పొద్దున్నే తెల్ల చెంపల బుల్‌బుల్ వస్తుంది. బహ్రెయినీలకి అది ఇంటి పిట్ట. దాని పక్కనే మన పిగిలిపిట్ట, గోరింక, రామచిలుక కనిపిస్తాయి. పంజరాల్లో వచ్చి, తప్పించుకుని ఇక్కడ స్థిరపడిన మనవాళ్ళు! కాకులైతే ఓడలెక్కి వచ్చాయి. ఫిబ్రవరి, మార్చిలో తలమీద తురాయి ఉన్న హుద్‌హుద్ పిట్ట ఉత్తరానికి పోతూ మధ్యలో దిగుతుంది. తడి మట్టిలో పొడవాటి ముక్కుతో పురుగుల్ని ఏరుకుంటుంది. ఖర్జూర తోటల్లో చలికాలం గడిపే బూడిదరంగు హైపోకోలియస్‌ని చూడటానికి యూరప్ నుంచి కూడా జనం వస్తారు. ఊటలు పోయి, తోటలు తగ్గినకొద్దీ, ఈ బాటసారులకి మన పెరటి మట్టి, మన నీళ్ళ మూకుడే దిక్కు అవుతున్నాయి.

ఇదే కాలంలో తోటవాళ్ళు ఖర్జూరం చెట్లెక్కుతారు. మన తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే ఇక్కడా మగ చెట్టు, ఆడ చెట్టు వేరు. మగ పూరెమ్మలు తెచ్చి ఆడ గెలలో పెట్టి కడతారు. గాలికి వదిలేస్తే కాపు సరిగా రాదు. దిల్మున్ నాటి నుంచీ ఈ దీవి ఖర్జూరానికి పేరు. ఆ పేరు వెనక చెట్టెక్కే మనిషి ఉన్నాడని మా పిల్లలకి చూపించాను.

ఇంకో చెట్టు కూడా చూపించాను. దక్షిణాన ఎడారి మధ్య ఒంటరిగా నిలబడ్డ ‘జీవన వృక్షం’. వయసు 400 ఏళ్ళు పైనే అంటారు. మావాడు “ఇదేం చెట్టు?” అంటే, “దసరాకి ఆకులు పంచుకుంటామే, ఆ జమ్మి చెట్టురా” అన్నాను. వాడు నమ్మలేదు. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు, తెలంగాణ రాష్ట్ర వృక్షం, ఇక్కడ ఎవరూ నీళ్ళు పోయకుండా లోతుగా వేరు దించి బతుకుతోంది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి నాదొక విన్నపం. ఈ ఉగాదికి తోట మూసేయకండి. టమాటాని వెళ్ళనివ్వండి. గోంగూర, తోటకూర, బెండ, బచ్చలి ఫిబ్రవరి చివర్లో విత్తుకుంటే ఎండకి తట్టుకుంటాయి. మొదళ్ళకి ఎండుటాకులు కప్పి, నీళ్ళు సాయంత్రం పోయండి. పిట్టలకి నీడలో ఒక మూకుడు పెట్టి రోజూ నీళ్ళు మార్చండి. పచ్చిక బయలు మాత్రం వద్దు, అది తాగే నీళ్ళతో పది కుండీలు బతుకుతాయి.

వేరే దేశాల్లో ఉన్నవాళ్ళు మీ కుళాయి నీళ్ళు ఏ నదివో, ఏ చెరువువో ఒకసారి కనుక్కుని పిల్లలకి చెప్పండి. ఊళ్ళో అమ్మానాన్నలకి ఫోన్ చేసినప్పుడు ఆరోగ్యంతో పాటు బోరు సంగతి కూడా అడగండి. అదారిలా దూరానికే పారకుండా, దగ్గరిదాన్నీ కాస్త తడుపుదాం.